మైళ్లు నువ్వే కలుపుకుంటావు, తమ్ముడూ

తొమ్మిది వేల మైళ్లు తిరిగినదానికి ఇరవై వేల డాలర్లు ఎక్కువ అడుగుతున్నాడా? అడగనీ తమ్ముడూ, అమ్మేవాడు అడగక ఏం చేస్తాడు! నువ్వు మాత్రం ఆ ఒక్క అంకె చూసి అడ్వాన్సు పంపకు. ఆ కాగితాలు రెండూ ఇలా ఇవ్వు, కంచె మీంచే అందించు. గులాబీ ముళ్లు జాగ్రత్త.

ఆఁ, ఇప్పుడు చెప్పు. రెండూ ఫెరారీ 458 ఇటాలియాలే. ఒకటి 2011ది, ఎరుపు, తొమ్మిది వేల మైళ్లు, పెద్దగా ఆప్షన్లేం లేవు. రెండోది 2012ది, ముదురు నీలం, ఇరవై ఏడు వేల మైళ్లు. కానీ దీనికి ముందుభాగం పైకెత్తే లిఫ్టర్ ఉంది, పార్కింగ్ కెమెరా ఉంది, ముందూ వెనకా సెన్సర్లున్నాయి, కరెంటు సీట్లు, లోపలంతా కార్బన్ ఫైబర్. మరదలికి నీలం నచ్చింది, నీకేమో తొమ్మిది వేలన్న అంకె నచ్చింది. అంతేగా?

నా మాట ముందే చెప్పేస్తాను. కొనేది నడపడానికే అయితే నీలం కారే ముందు చూడు. ఏ కారు కొన్నా మైళ్లు నువ్వే కలుపుకుంటావు. ఫ్యాక్టరీలో పడని ఆప్షన్లు మాత్రం తర్వాత నువ్వు అంత తేలిగ్గా కలపలేవు.

దాచిపెట్టడానికే కొంటున్నావనుకో, అప్పుడు మాట వేరు. 458 స్పెషాలే లాంటిదో, 499 మాత్రమే చేసిన స్పెషాలే ఆపెర్టా లాంటిదో అయితే వాటిని కొనేవాళ్లు ముందు రీడింగే చూస్తారు. అక్కడ మైలు మైలుకీ లెక్కే. నువ్వు కొనేది మామూలు ఇటాలియా. పిల్లల్ని స్కూల్లో దింపి వస్తూ హైవే మీద ఓ చుట్టు తిరుగుతానంటున్నావు, ప్లేనోలో కార్స్ అండ్ కాఫీకి వెళ్తానంటున్నావు, వేసవిలో మరదల్ని తీసుకుని శాంటా ఫే దాకా వెళ్లొస్తానంటున్నావు. ఇవన్నీ చేస్తే మూడేళ్లలో పది పన్నెండు వేల మైళ్లు ఇట్టే అవుతాయి.

ఇప్పుడు లెక్క వేసి చూడు. తొమ్మిది వేల మైళ్ల కారు నీ చేతిలో ఇరవై వేలవుతుంది. "తక్కువ తిరిగింది" అనే పేరు పోతుంది. నువ్వు ఎక్కువిచ్చిన ఇరవై వేల డాలర్లు ఆ పేరుకే కదా ఇచ్చావు? నువ్వు నడిపిన ప్రతి మైలూ ఆ డబ్బులోంచే తగ్గుతూ పోతుంది. నీలం కారు ఇరవై ఏడు నుంచి ముప్పై తొమ్మిది అవుతుంది. ఈ జాతి కార్ల సంతలో దాన్ని ఇప్పటికే ఎక్కువ తిరిగిందనే అంటున్నారు. అప్పుడూ అదే అంటారు. రేటు తగ్గదని కాదు, తగ్గాల్సింది చాలావరకు నీకంటే ముందున్నవాళ్ల చేతిలోనే తగ్గిపోయింది. ఈ దేశంలో మామూలు కారు ఏడాదికి పన్నెండు వేల మైళ్ల పైనే తిరుగుతుంది. పదేళ్లు దాటిన కారు ఇరవై ఏడు వేలు తిరగడం ఎక్కువంటారా? సూపర్ కార్ల లోకంలో అంటారు. ఆ లోకపు భయమే నీకు కలిసొస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అంత డబ్బు పోసి తొమ్మిది వేలది తెచ్చుకుంటే నువ్వే నడపడం మానేస్తావు. "ఈ వారం వద్దులే, మైళ్లు పెరుగుతాయి" అనుకుంటూ గ్యారేజీలో బ్యాటరీ ఛార్జరుకి తగిలించి, శనివారం గుడ్డ పెట్టి తుడుస్తూ కూర్చుంటావు. అందుకా కొనడం?

అయితే మైళ్లకు విలువే లేదని నేననడం లేదు. ఏ కారులో మైళ్లు దేన్ని అరగదీస్తాయో తెలుసుకోవాలి. నువ్వు మొదట ఎఫ్430 చూశావు కదా, 2004లో వచ్చి 2009 దాకా చేసినది. దాంట్లో ఎఫ్1 గేర్‌బాక్స్ అంటే మామూలు క్లచ్చే, దాన్ని కాలికి బదులు హైడ్రాలిక్స్ తొక్కుతాయి. ఆ క్లచ్ ఒకరి చేతిలో పదివేల మైళ్లకే అయిపోతుంది, ఇంకొకరి చేతిలో పాతిక వేలు దాటుతుంది. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించినా, ఎత్తులోకి రివర్స్ ఎక్కించినా అంతే సంగతులు. కాబట్టి 430లో రీడింగు నీకు క్లచ్ గురించి ఏమీ చెప్పదు. కంప్యూటర్ తగిలించి ఎంత అరిగిందో శాతంలో చూపించమనాలి. తొమ్మిది వేల మైళ్ల 430 క్లచ్ చావుకొచ్చి ఉండొచ్చు, పాతిక వేలదానికి నిరుడే కొత్తది వేసి ఉండొచ్చు. ఆ బిల్లు ఉంటే నాకు ఆ రెండో కారే ముద్దు.

దానికంటే ముందొచ్చిన 360 మోడెనాకి టైమింగ్ బెల్టు. బెల్టుకి మైళ్లకంటే ఏళ్లే ముఖ్యం. కదలకుండా నిలబెట్టినా రబ్బరు రబ్బరే కాబట్టి కొన్నేళ్లకొకసారి మార్చాల్సిందే. 430 నుంచి చెయిను పెట్టి ఆ బాధ తీర్చారు. ఆ 430కీ ఫ్యాక్టరీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు లోపల పగిలే గుణం ఉంది. ముక్కలు ఇంజిన్లోకి వెనక్కి పోతే ఇక చెప్పేదేముంది! అవి మార్చారా లేదా అన్నదే అక్కడ అడగాల్సిన మాట.

458కి వద్దాం. దీని డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌కి ఏడు గేర్లు, క్లచ్‌లు నూనెలో తిరుగుతాయి, 430 క్లచ్ లాగా అరగవు. కాబట్టి మైళ్ల భయం ఇక్కడ సగం తగ్గుతుంది. దీని జబ్బు వేరు: గేర్‌బాక్స్ లోపలి సెన్సర్లు పాడవడం, నూనె కారడం. మొదట్లో సెన్సర్ పోయినా గేర్‌బాక్స్ మొత్తం మార్చాలనేవారు. ఇప్పుడు విప్పి బాగుచేసే నిపుణులున్నారు. అయినా చిన్న బిల్లు కాదు. ఇది మైళ్లను బట్టి వచ్చేది కాదు, తొమ్మిది వేల మైళ్ల కారుకీ రావచ్చు. నీలం కారు రికార్డులో ఆ పని ఎప్పుడో జరిగి ఉంటే, అదొక్కటే నాలుగు ఆప్షన్లతో సమానం.

ఇక ఎర్రకారు సంగతి. పదేళ్లకు పైగా బతికి తొమ్మిది వేల మైళ్లంటే ఏడాదికి వెయ్యి కూడా లేదన్నమాట. తాళం వేసి వదిలేసిన ఇల్లు ఎలా ఉంటుందో మీ ఊళ్లో చూసే ఉంటావు. సీళ్లు ఎండిపోతాయి, బ్యాటరీ పదే పదే చచ్చి కంప్యూటర్లలో పిచ్చి పిచ్చి తప్పులు చూపిస్తుంది, టైర్లు బొమ్మలా నిండుగా కనిపిస్తూనే గట్టిపడిపోతాయి. టైరు పక్కన అచ్చేసిన ఆఖరి నాలుగు అంకెలు చూడు: 2219 అంటే 2019లో ఇరవై రెండో వారం. ఆరేడేళ్లు దాటిన టైర్ల మీద ఐదు వందలకు పైగా గుర్రాలున్న కారుని వానలో నడపకు, నీ మీద ఒట్టు. లోపల బటన్లు వేలితో తాకి చూడు. ఆ కాలపు ఫెరారీల ప్లాస్టిక్ పైపూత బంకబంకగా మారుతుంది. ఎండకి డాష్‌బోర్డు తోలు ముడుచుకుని అంచుల దగ్గర లేస్తుంది కూడా. మన టెక్సాస్ ఎండలో నిలబెట్టిన కారయితే ఇక చెప్పనక్కర్లేదు. వీటిలో ఒక్కటీ రీడింగులో కనిపించదు.

పైగా ఆ రోజుల్లో ఫెరారీ ఏడేళ్ల షెడ్యూల్ సర్వీసు ధరలోనే కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. ఏడాదికోసారి, లేదా 20,000 కిలోమీటర్లకి. మధ్యలో కారు అమ్మినా కొన్నవాళ్లకి అది వెళ్లేది. నీలం కారుకి ఆ పథకం ఉండేదేమో, ఏటేటా ముద్ర పడిందేమో చూడు. డబ్బులు కట్టక్కర్లేని సర్వీసుకు కూడా బండిని తీసుకెళ్లని మనిషి మిగతావి శ్రద్ధగా చూసుకున్నాడంటే నేను నమ్మను.

ఇక ఆప్షన్లు. అన్నీ ఒక్కటే అనుకోకు. కొత్తలో ఈ కారు ధర ఆప్షన్లు లేకుండానే రెండు లక్షల పాతిక వేల డాలర్లకు అటూ ఇటూ. దాని మీద యాభై అరవై వేల ఆప్షన్లు రాయించుకున్నవాళ్లు బోలెడుమంది. పాతదయ్యాక ఆ డబ్బు తిరిగి రాదు, రూపాయికి పావలా కూడా కష్టం. కొనేవాడికి అది మంచిదే. మొదటాయన కట్టాడు, నువ్వు వాడుకుంటావు.

వీటన్నిట్లో నాకు లిఫ్టర్ ముఖ్యం. మీట నొక్కితే ముక్కు ఓ నాలుగు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఫ్రిస్కోలో మన డ్రైవ్‌వేల కింద, రోడ్డు అంచున ఆ నీళ్ల కాలవలు చూశావుగా? హనుమాన్ గుడి పార్కింగులోకి వెళ్లాలన్నా, సినిమాకి వెళ్లాలన్నా లిఫ్టర్ లేని కారుతో ప్రతి ఎత్తూ గుండెలో రాయే. ఏటవాలుగా ఎక్కిస్తూ, దిగి వంగి చూస్తూ, ముందు గడ్డం గీకించుకుంటూ బతకాలి. తర్వాత బయట పెట్టించుకోవచ్చు అంటారు, కానీ ఫ్యాక్టరీది ఫ్యాక్టరీదే. నీ వాడకానికి దీన్ని మించిన ఆప్షన్ లేదు.

కెమెరా, సెన్సర్లు కూడా అంతే. వెనక కనిపించేదంతా ఇంజిన్ అద్దమే, ఆ అద్దంలోంచి పక్కబండి ఎక్కడుందో తెలియదు.

సీట్లకి వస్తే, కార్బన్ రేసింగ్ సీట్లు ఫోటోల్లో అందంగా ఉంటాయి, అమ్మేటప్పుడు పేరొస్తుంది. నీ నడుం సంగతి నాకు తెలుసు, మీ బావగారి నడుంలాంటిదే! కరెంటు సీట్లే నయం. శాంటా ఫే దాకా మరదలు ఆ గట్టి చిప్పలో కూర్చుంటే, తిరుగు ప్రయాణం విమానంలో చేస్తానంటుంది. స్టీరింగు మీద వెలిగే లైట్లు, ఇంజిన్ గదిలో కార్బన్ రేకులు, రెక్కల మీద పసుపు డాలు గుర్తులు మాత్రం ఉంటే సంతోషం, లేకపోతే బాధపడక్కర్లేదు. ఆ డాళ్లు ఫ్యాక్టరీవయితే రేకులో చేసిన గుంటలో ఇమిడి ఉంటాయి, పైన అతికించినవయితే తర్వాత పెట్టినవి. దాంతో అమ్మేవాడి మాట ఎంత నిజమో తెలుస్తుంది.

కార్బన్ సిరామిక్ బ్రేకులున్నాయని రెండు ప్రకటనల్లోనూ గొప్పగా రాశారు చూడు. 458కి అవి మామూలుగానే వస్తాయి, ఆప్షన్ కాదు. 430కి మొదట్లో ఆప్షన్, ఆఖర్లో అన్నిటికీ పెట్టారు. కాబట్టి దానికి ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వకు. కానీ ఎంత అరిగాయో చూడాలి. ఈ డిస్కులు మందం తగ్గడం కంటే లోపల ఫైబర్ కాలిపోయి బరువు తగ్గుతాయి. కనీస బరువెంతో డిస్కు మధ్యభాగం మీదే అచ్చేసి ఉంటుంది. విప్పి తూకం వేస్తే నిజం బయటపడుతుంది. రోడ్డు మీద మాత్రమే నడిపిన కారులో ఇవి చాలాకాలం వస్తాయి, ట్రాక్ మీద తిప్పితే అంత రావు. నాలుగూ మార్చాలంటే బాగున్న సెకండ్‌హ్యాండ్ టయోటా కొన్నంత పని. తొమ్మిది వేల మైళ్లలో నాలుగు వేలు ట్రాక్ మీదే అయితే ఆ రీడింగు నీకు దేనికి?

అందుకే పోర్షే పద్ధతంటే నాకు ఇష్టం. వాళ్ల 911లకి కంప్యూటర్ తగిలిస్తే ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో చెప్తుంది, పరిమితి దాటి ఎన్నిసార్లు తిప్పారో మెట్లు మెట్లుగా చూపిస్తుంది. మైళ్లని గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది, అంటే ఊళ్లో నలిగిందా, హైవే మీద హాయిగా తిరిగిందా తెలిసిపోతుంది. ఒంటరి అంకె కంటే ఆ జంట అంకె ఎంతో నిజం చెప్తుంది. ఫెరారీ తనిఖీ చేసేవాళ్లని కూడా కంప్యూటర్ నుంచి ఏమేం చదవగలరో అన్నీ చదివి కాగితం మీద ఇమ్మను.

రంగు కూడా ఆప్షనే, మర్చిపోకు. మూడు పొరల రంగులంటే చూడ్డానికి కన్ను చెదిరిపోతుంది, గీత పడితే మాత్రం అతుకు కనిపించకుండా వెయ్యడం చాలా కష్టం. పసుపులో ట్రిప్లో స్ట్రాటో అలాంటిదే. ఎరుపయితే తేలిగ్గా అమ్ముడవుతుంది, నిజమే. కానీ రోజూ గ్యారేజీ తలుపు తీసినప్పుడు చూసేది నువ్వూ మరదలూ. ఆమెకి నీలం నచ్చిందన్న మాట నా లెక్కలో చిన్నది కాదు.

మాన్యువల్ మీద మోజుంటే మాత్రం మళ్లీ 430 దగ్గరికే వెళ్లాలి. మధ్యలో ఇంజిన్ పెట్టిన వీ8 ఫెరారీల్లో చేత్తో గేర్లు వేసే ఆఖరి బండి అదే, 458లో అసలు ఇవ్వలేదు. ఆ ఒక్క ఆప్షన్ ముందు మైళ్లూ, కార్బనూ, సీట్లూ అన్నీ దిగదుడుపే. ధర కూడా అలాగే ఉంటుంది. అయితే ఎఫ్1ని తర్వాత మాన్యువల్‌గా మార్చినవీ ఉన్నాయి. నడపడానికి బావుంటాయి, కానీ ఫ్యాక్టరీ ధర ఇవ్వకూడదు. బండి నంబరు ఇచ్చి డీలరు దగ్గర ఆ కారు పుట్టినప్పటి చిట్టా తీయించుకుంటే ఏది ఫ్యాక్టరీలో పడిందో, ఏది తర్వాత తగిలించారో తేలిపోతుంది. నీ రెండు కార్లకీ ఆ చిట్టా తీయించు.

రీడింగు నిజమో కాదో ఎలా తెలుస్తుందనా? మంచి ప్రశ్న. ఇక్కడ ఫెడరల్ నిబంధన ఉంది. 2011 మోడల్ నుంచి చేతులు మారిన ప్రతిసారీ ఇరవై ఏళ్లపాటు రీడింగు రాసి సంతకం పెట్టాలి. 2010, అంతకు ముందు మోడళ్లకి పదేళ్లకే మినహాయింపు వచ్చేసింది. నీ రెండూ 2011, 2012 మోడళ్లే కాబట్టి టైటిల్ కాగితాల మీద వరసగా అంకెలు ఉండాలి. కార్‌ఫాక్స్ తీసి సర్వీసు, రిజిస్ట్రేషన్, పొగ పరీక్షల దగ్గర రాసిన అంకెలు ఒక వరసలో పెట్టి చూడు. టెక్సాస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ 2025 నుంచి ఎత్తేశారు. మన కాలిన్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది కాబట్టి ఇకముందు కూడా ఆ జాడ మిగులుతుంది. అంకెలు మెల్లగా పెరుగుతూ పోవాలి. నాలుగేళ్లపాటు కదలకపోయినా, ఉన్నట్టుండి తగ్గినా ఆ కారు వదిలెయ్. తొమ్మిది వేలది అయితే ఇంకా జాగ్రత్త. అంకె ఎంత చిన్నదైతే ధర అంత పెరిగేచోట, అంకె మార్చాలన్న ఆశ కూడా అంతే పెరుగుతుంది.

రీకాళ్లు బండి నంబరుతో, రోడ్డు భద్రత చూసే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. 458కి 2010లో చక్రాల గూళ్ల దగ్గర జిగురు వేడికి అంటుకుని మంటలు రావడంతో 1,248 కార్లు వెనక్కి పిలిచారు. తర్వాత 2012లో కొన్నిటికి క్రాంక్‌షాఫ్ట్, ఆపైన టకాటా ఎయిర్‌బ్యాగులు. నీ కార్లకి వర్తించేవన్నీ చేశారా అన్నదే ప్రశ్న. పని ఎప్పుడో అయిపోయి ఉంటే భయపడాల్సింది లేదు.

ఇక వడగళ్లు. వసంతంలో ఇక్కడ పడే రాళ్లు చూశావు కదా. దీని ఒళ్లంతా అల్యూమినియం, సొట్టలు తీయడం ఇనుపరేకంత తేలిక కాదు. పెయింటు మందం కొలిచే మీటరుతో బానెట్టూ కప్పూ కొలిపించు. ఎర్రకారు హ్యూస్టన్‌లో ఎప్పుడైనా ఉందేమో, ఉంటే ఏ ఏళ్లలోనో చూడు. 2017లో హార్వీ తుఫాను నీళ్లలో మునిగిన బళ్లు తర్వాత ఎక్కడెక్కడికో చేరాయి.

ఇన్సూరెన్సు సంగతి మీ బావగారు చెప్తానన్నారు, ఆయన్నే అడుగు. నాకు తెలిసింది ఒక్కటే: ముందే ఒప్పుకున్న విలువకి పాలసీ ఇచ్చే కంపెనీల్లో కొన్ని ఏడాదికి ఇన్ని మైళ్లే అని గీత గీస్తాయి. నువ్వు ఎన్ని తిరుగుతావో నిజం చెప్పి తీసుకో.

ఇంటికి పంపుదామా, హైదరాబాద్‌లో నాన్నగారికి చూపిద్దామా అన్నావు చూడు, ఆ ఆశ మాత్రం మానుకో. మన దేశంలోకి పాత కారు తేవాలంటే మూడేళ్లలోపుదై ఉండాలి, స్టీరింగు కుడివైపు ఉండాలి. నాన్నగారినే ఇక్కడికి పిలిపించు, ముందు సీట్లో కూర్చోబెట్టి లేక్ లూయిస్‌విల్ దాకా తిప్పుకురా. తొమ్మిది వేల ఆర్‌పీఎం దగ్గర టర్బో లేని ఆ ఇంజిన్ చేసే శబ్దం ఆయన వినాలి. 2015లో దీని తర్వాత వచ్చిన 488కి టర్బోలు పెట్టారు. బలం పెరిగింది, ఆ గొంతు మాత్రం మళ్లీ రాలేదు.

సరే, నా వంట మాడుతోంది. ఇప్పుడే నీలం కారు ఆయనకి ఫోన్ చెయ్యి. గేర్‌బాక్స్ మీద జరిగిన పనుల బిల్లులు, ఏటేటా సర్వీసు ముద్రలు, పుట్టినప్పటి ఆప్షన్ల చిట్టా, ఈ మూడూ పంపమను. ఆయన ఎంచుకున్న షాపులో కాదు, నువ్వు ఎంచుకున్న చోట, నీ ఖర్చుతో రోజంతా తనిఖీ చేయిస్తానని చెప్పు. డిస్కుల బరువు కూడా తూయించాలను. సరేనంటే కాగితాలు నాకు చూపించాకే డబ్బు మాట ఎత్తు. వద్దంటే ఎర్రకారాయన్ని కూడా ఇవే అడుగు. ఆయన కూడా వద్దంటే మూడో కారు వెతుకుదాం. ఇటాలియాలు ఇంకా అమ్మకానికి వస్తూనే ఉన్నాయి.